సరిచెయ్యని రిజిస్టరు

ఆ రిజిస్టరుకు అట్ట వేసింది నేనే. పాత క్యాలెండరు కాగితం తిరగేసి, తెల్లవైపు పైకి వచ్చేలా అట్ట వేశాను. స్కెచ్ పెన్నుతో 'గ్రంథాలయ సందర్శకుల పుస్తకం' అని గుండ్రంగా రాశాను. పేజీలన్నిటికీ నంబర్లు వేశాను. నలిగిన మూలల మీద ఇంటి నుంచి ఇస్త్రీపెట్టె తెచ్చి రుద్దాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ప్రిన్సిపాల్ గారు అంతకు ముందు వారం పిలిచి చెప్పింది ఒక్క మాట: "కమిటీ వస్తోందమ్మా, రిజిస్టర్లు సరిచేసి పెట్టు." నేను సరిచేశాను. ఆ మాటకు ఆఫీసు గదిలో ఇంకో అర్థం ఉంటుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

చదివానని ఊరికే అనడం లేదు. పదో తరగతితో నా బడి అయిపోయింది. మంగళగిరిలో మా ఇంట్లో మగ్గాలు ఉండేవి. నాన్న నేస్తుంటే అమ్మా నేనూ కండెలు చుట్టేవాళ్ళం. సాయంత్రం కండెల పని ముగిశాక శాఖా గ్రంథాలయానికి పరిగెత్తేదాన్ని. కార్డు మీద రెండు పుస్తకాలే ఇచ్చేవారు. ఒకటి అక్కడే కూర్చుని చదివేసి రెండు ఇంటికి తెచ్చుకునేదాన్ని. అలా పదకొండేళ్ళు. నవలలు, చరిత్ర, నదుల మీద పుస్తకాలు, ఎముకల మీద పుస్తకాలు, అర్థంకాని తత్వశాస్త్రం. అర్థంకానివి రెండోసారి చదివేదాన్ని. డిగ్రీ ఉన్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు నాకు గొంతు వణకదు. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

పెళ్ళయ్యాక చల్లపల్లి వచ్చాం. మా ఆయన అక్కడ బట్టల షాపులో పనిచేస్తారు. చల్లపల్లి దాటాక బస్సులో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న డిగ్రీ కాలేజీలో నాకు అవుట్‌సోర్సింగ్ మీద లైబ్రరీ అటెండర్ ఉద్యోగం దొరికింది. లైబ్రేరియన్ పోస్టు ఎన్నాళ్ళుగానో ఖాళీ. కాబట్టి లైబ్రేరియనూ నేనే, ఊడ్చేదీ నేనే, ఫ్యాను బాగుచేయించేదీ నేనే.

మా లైబ్రరీ హాలుకు రెండు తలుపులు. ఒకటి వరండా వైపు, ఇంకోటి గ్రౌండు వైపు. వరండా తలుపు దగ్గర బల్ల, బల్ల మీద రిజిస్టరు. ఐడీ కార్డు మెడలో ఉండాలి, యూనిఫాం ఉండాలి, సంతకం పెట్టి లోపలికి రావాలి. ఆ నిబంధన ప్రిన్సిపాల్ గారిది. గ్రౌండు వైపు తలుపుకు ఎప్పుడూ గడియ వేసి ఉండేది. ఆ గడియ తీసింది నేను.

మా కాలేజీలో చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే, అమ్మాయిల కబడ్డీ జట్టు. నాలుగింటికి క్లాసులయ్యాక మా వ్యాయామ అధ్యాపకుడు పీడీ గారి దగ్గర ప్రాక్టీసు. ఒళ్ళంతా మట్టి, ట్రాక్ ప్యాంట్లు, చెమట. ఆ వేషంలో వరండా చుట్టూ తిరిగి రాలేరు, వచ్చినా నిబంధన ప్రకారం రానివ్వకూడదు. ఒకరోజు దాహమేసి గ్రౌండు వైపు తలుపు కొట్టారు. తీశాను. నీళ్ళు తాగి, ఫ్యాను కింద నేల మీద పడుకున్నారు. చెప్పులు బయటే విప్పారు. అది చాలనిపించింది నాకు.

మర్నాడూ వచ్చారు. ఆ తర్వాత రోజూ వచ్చారు.

కెప్టెన్ అమ్మాయి వెల్లకిలా పడుకుని, కాళ్ళు గోడకు ఆనించి, చేతికందిన పుస్తకం తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. ఊపిరి తీసుకోకుండా, గడగడా. ఎంత దూరం పోతే అంత దూరం. ఊపిరి ఆగిపోగానే "అవుట్!" అని మిగతావాళ్ళు అరిచారు.

"ఏంటే ఈ గోల? ఇది లైబ్రరీయా, సంతా?" అన్నాను.

"కూత ప్రాక్టీసు అక్కా," అంది. "పీడీ సారు కబడ్డీ కబడ్డీ అని గోడ చూసి అనమంటన్నారు. ఎంతసేపంటాం? బోరు. ఇదైతే కథ కూడా తెలుస్తది."

కబడ్డీలో అవతలి కోర్టులోకి వెళ్ళినవాళ్ళు ఊపిరి తీసుకోకుండా పలుకుతూనే ఉండాలి కదా. దాన్ని మా వైపు కూత అంటాం. కూత తెగితే అవుట్. ఈ పిల్లలు ఆ కూతను పుస్తకం మీద పెట్టారు. ఒక్క గుక్కలో ఎన్ని వాక్యాలు చదివితే అన్ని. గుక్క తెగిన చోట పెన్సిలుతో సన్నగా చుక్క, చుక్క పక్కన పేరులో మొదటి అక్షరం. తర్వాతి అమ్మాయి ఆ చుక్క నుంచి అందుకోవాలి. పుస్తకం మీద రాతలు చూసి మొదటిరోజు నా ప్రాణం ఉసూరుమంది. రెండోరోజు నేనే పెన్సిలు చెక్కి ఇచ్చాను.

నేను ఊరుకోలేదు. పొడవాటి వాక్యాలున్న పుస్తకాలు వెతికి పెట్టేదాన్ని. ఒక్కో వాక్యం అరపేజీ సాగే పాత వచనం బీరువా అడుగున దొరికితే సంబరపడిపోయాను. నవలలో పట్టు మీద కథ ఆగితే, "ఇంకొక్క గుక్క, ఇంకొక్క గుక్క" అని వాళ్ళలో వాళ్ళే కొట్టుకునేవారు. వైస్ కెప్టెన్ అమ్మాయికి చదవడం సరిగ్గా వచ్చేది కాదు, ఒత్తులు మింగేసేది. ఆరు నెలల్లో అందరికంటే ఎక్కువ దూరం వెళ్ళింది. కెప్టెన్ మాత్రం శరీరశాస్త్రం పుస్తకం వదిలేది కాదు. ఊపిరితిత్తుల పాఠం ఆమెకు కంఠతా వచ్చు. "మనం కూతలో గాలి వదలడమే అక్కా, తీసుకోడం ముందే అయిపోవాల," అని నాకే పాఠం చెప్పేది. ఏడాదిన్నరలో ఆ పిల్లలు చదివినన్ని పుస్తకాలు మా కాలేజీలో లెక్చరర్లు చదవలేదు. ఈ మాట రాయడానికి నాకు భయం లేదు.

ఒక్కరూ రిజిస్టరులో సంతకం పెట్టలేదు. రిజిస్టరు వరండా వైపు ఉంది. వాళ్ళు గ్రౌండు వైపు నుంచి వచ్చారు. నాకెప్పుడూ తట్టలేదు.

ఇక లీగు సంగతి. డెల్టాలో ఆరు పాత కాలేజీలు అమ్మాయిల కబడ్డీ లీగు ఆడుకునేవి. ఈ లీగు చూసే యూనివర్సిటీ జట్టుకు మనుషుల్ని తీసుకుంటారు. యూనివర్సిటీ జట్టులో ఆడితే బీపీఈడీ సీటుకు స్పోర్ట్స్ కోటా దొరుకుతుంది. మా కెప్టెన్ కోరిక అదే, వ్యాయామ టీచరు కావడం. వాళ్ళ నాన్న షేర్ ఆటో నడుపుతాడు. కోటాలో కాకుండా ఆ సీటు వచ్చే దారి ఆమెకు లేదు. లీగులో ఒక్క సీజను కావాలి, అంతే. ఆ ఏడాది లీగును పెంచుదామనుకున్నారు, కొత్తగా కొన్ని కాలేజీలను చేర్చుకుంటామన్నారు. మేము దరఖాస్తు పెట్టాం. అప్పుడు ఆమె సెకండియర్.

దరఖాస్తు ఫారం టైపు చేసిందీ నేనే. సగం మార్కులు ఆటకు. సగం మార్కులు 'అకడమిక్ స్థాయి'కి. పేరున్న కాలేజీలు ఉంటేనే లీగుకు పేరట. అందులో ఒక గడి: 'క్రీడాకారుల గ్రంథాలయ వినియోగం'. ఆ గడి చూసి మేం గెలిచినట్టేననుకున్నాను! నాలాంటి పిచ్చిది ఇంకొకతి ఉండదు.

కమిటీ ఫిబ్రవరిలో వచ్చింది. ఇద్దరు. ఒకరు ఆ పాత ఆరింటిలో ఒకటైన విజయవాడ కాలేజీ డీన్ గారు. ఇంకొకరు రిటైరైన పీడీ గారు, పెద్దాయన. ముందు గ్రౌండులో ఆట చూశారు. మా పిల్లలు ఆడిన ఆట చూసి పెద్దాయన కుర్చీలో కూర్చోలేకపోయాడు, గీత దగ్గరకొచ్చి నిలబడ్డాడు. డీన్ గారు ఫోను చూసుకుంటూ ఉన్నారు. తర్వాత లైబ్రరీకి వచ్చారు.

నేను రిజిస్టరు ఇచ్చాను. ఆయన తిప్పారు, ఇంకా తిప్పారు.

"ఏమ్మా, టీమ్ వాళ్ళ సంతకాలేవీ?"

"వాళ్ళు ఇటు నుంచి రారండీ. అటు తలుపు నుంచి వస్తారు. రోజూ వస్తారు."

"అక్కడ రిజిస్టరు ఉందా?"

"లేదండీ."

"అంటే రికార్డు లేదు."

"రికార్డు పుస్తకాల్లోనే ఉందండీ," అని నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. పది పుస్తకాలు బల్ల మీద పరిచాను. పెన్సిలు చుక్కలు చూపించాను. ఇదిగోండి కెప్టెన్ చదివింది, ఇక్కడిదాకా ఒక్క గుక్క, ఇక్కడి నుంచి వైస్ కెప్టెన్ అని వివరించాను. ప్రిన్సిపాల్ గారు నా వెనక నిలబడి చిన్నగా దగ్గుతున్నారు. ఆ దగ్గు నాకు అర్థం కాలేదు.

డీన్ గారు కళ్ళజోడు తీశారు. "లైబ్రరీ పుస్తకాల మీద మీరే రాతలు రాయిస్తారాండీ?" అని అప్పటిదాకా లేని 'అండీ' కలిపారు. అది మర్యాదకు కలిపింది కాదు. "ఊపిరి కోసం చదివితే అది చదువెట్లా అవుతుంది? రేపు పరిగెత్తడం కోసం మెట్లెక్కితే అది కూడా చదువంటారా?"

ప్రిన్సిపాల్ గారు నవ్వారు. మా ప్రిన్సిపాల్ గారే!

కెప్టెన్ గ్రౌండు వైపు తలుపు దగ్గర నిలబడి ఉంది, మట్టి కాళ్ళతో. "సార్, ఏ పుస్తకమైనా అడగండి సార్, చెప్తాను," అంది. "పోనీ ఒక పేజీ చదివి చూపిస్తాను సార్, ఒక్క నిమిషం."

"కూతలు గ్రౌండులో పెట్టుకోమ్మా," అన్నారాయన. "ఇది లైబ్రరీ."

పెద్దాయన మాత్రం ఒక పుస్తకం తీసి చుక్కల వెంట వేలు జరుపుకుంటూ చాలాసేపు చూశాడు. మూసి బల్ల మీద పెట్టేశాడు. ఆయన ఏమీ అనకపోవడం మీద కూడా నాకు కోపమే. చూసినవాడు చెప్పాలి కదా!

వాళ్ళ కారు గేటు దాటగానే మా పీడీ గారు లైబ్రరీలోకి వచ్చి బల్ల మీద చెయ్యి వేసి కొట్టారు.

"ఏం తల్లీ, రిజిస్టరు సరిచెయ్యమంటే అట్టలెయ్యటమా?"

"మరేం చెయ్యాలండీ?"

"పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఏడాది సంతకాలు గీకించాల! పెన్నులు మార్చి, తేదీలు మార్చి. ప్రతి కాలేజీలో చేసే పనే కదమ్మా! ఇంత చదివానంటావు, ఆ మాత్రం తెలవదా?"

"అది దొంగ సంతకం కదండీ."

"వాళ్ళు చదివారా లేదా?"

"చదివారు."

"చదివినాళ్ళు చదివామని సంతకం పెడితే దొంగతనం ఎట్టా అయిద్ది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సగం జవాబే ఉంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి 'సరిచేయు' అన్న మాటను నా పాత నిఘంటువులో వెతికాను. తప్పులు దిద్దు, చక్కబరచు, సమానము చేయు. ఇవే ఉన్నాయి. నిఘంటువు మూసి బీరువా మీదకి విసిరాను. పుస్తకాన్ని విసరడం నా జన్మలో అదొక్కసారే.

ఫలితాలు మార్చిలో పీడీ గారి వాట్సాప్‌కు వచ్చాయి. మాకు లీగులో చోటు రాలేదు. కారణం కూడా రాశారు: 'ఆట ప్రమాణాలు బాగున్నవి. అకడమిక్ వాతావరణం లోపించినది.' చేరిన కాలేజీల్లో మొదటి పేరు విజయవాడలోని ఒక ర్యాంకుల కాలేజీది. ఐదంతస్తుల భవనం, కింద కార్లు, పైన హాస్టలు, నాలుగు వైపులా ర్యాంకర్ల ఫొటోల ఫ్లెక్సీలు. గ్రౌండు లేదు. కబడ్డీ జట్టు లేదు. మ్యాటు లేదు. అమ్మాయిలు మెట్లెక్కడం తప్ప ఒళ్ళు కదిలించే చోటు లేదు. వాళ్ళ అకడమిక్ స్థాయికి మార్కులు నిండుగా పడ్డాయట. జట్టు తర్వాత తయారు చేసుకుంటామని హామీ పత్రం ఇచ్చారట.

తయారు చేసుకోవడం అంటే ఏమిటో జూన్‌లో తెలిసింది. ఆ కాలేజీ మనిషి ఒకాయన వచ్చి మా కెప్టెన్ ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాడు. థర్డ్ ఇయర్ సీటు, హాస్టలు, షూస్, అన్నీ వాళ్ళవే.

టీసీ కాగితం మీద లైబ్రరీ బాకీలు లేవని నేను సంతకం పెట్టాలి. కెప్టెన్ ఆ కాగితం పట్టుకుని వచ్చింది, ఈసారి వరండా వైపు నుంచి.

"సిగ్గు లేదటే నీకు?" అన్నాను. "మనల్ని పనికిరారన్న లీగులోకి, మనల్ని తోసేసి ఎక్కినాళ్ళ తరఫున ఆడతావా?"

"ఆడతానక్కా."

"మిగతావాళ్ళ సంగతి?"

"అక్కా, మీరు రిజిస్టరులో నిజమే ఉంచారు. మంచిదే. నా సీజను పోయింది." అరవలేదు, ఏడవలేదు. కూతకు ముందు గాలి తీసుకున్నట్టు ఒకసారి ఛాతీ నింపుకుని మళ్ళీ అంది: "ఇంకోటి దొరికింది, వదులుకోమంటారా? మీరు నా చోట ఉంటే పుస్తకం వదులుకునేవారా?"

సంతకం పెట్టాను. పెన్ను కాగితాన్ని చింపినంత గట్టిగా పెట్టాను.

దసరా దాటాక లీగు మొదలైంది. మ్యాచ్‌లు విజయవాడలో. ఒక ఆదివారం వైస్ కెప్టెన్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. బస్టాండులో దిగి ఆటో ఎక్కాం. దారి పొడవునా ఆ కాలేజీ ఫ్లెక్సీలు. ఒక కూడలిలో ర్యాంకర్ల మధ్య మా కెప్టెన్ ఫొటో. కింద 'చదువులోనూ ఆటలోనూ మేమే' అని ఉంది. వైస్ కెప్టెన్ ఆటోలోంచి తల బయటపెట్టి, "అక్కా, దానికి పౌడరు ఎక్కువ పూశారు, చూడండి, వాళ్ళ నాన్న కూడా గుర్తుపట్టడు," అని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు నాకు రాలేదు.

మ్యాచ్‌కు ముందు కెప్టెన్ మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చింది. ఎలా ఉన్నావని అడిగి, నాకు ఉండబట్టక, అక్కడి లైబ్రరీలో ఏం చదువుతున్నావని అడిగాను.

"మా సెక్షనుకి లైబ్రరీ పాసు లేదక్కా. ఆటలోళ్ళం కదా, మాకు వేరే క్లాసు, వేరే టైము. ర్యాంకు సెక్షన్లకే పాసు."

"మరి వాళ్ళ రికార్డు?"

"నెలకోసారి మమ్మల్ని పిలిచి రిజిస్టరు ముందు పెడతారు. ముప్ఫై సంతకాలు. నాకిప్పుడు సంతకం భలే స్పీడు అక్కా." నవ్వబోయి, నా ముఖం చూసి ఆపేసింది.

ఏడాదిన్నర చదివిన పిల్లకు నా దగ్గర ఒక్క సంతకం లేదు. తలుపు కూడా చూడని చోట నెలకు ముప్ఫై ఉన్నాయి. ఆ డీన్ గారు ముందు వరుసలో సోఫాలో కూర్చుని ఉన్నారు. వెళ్ళి అడగాలనుకున్నాను. లేచాను కూడా. వైస్ కెప్టెన్ నా చీర కొంగు పట్టుకుని, "ఇప్పుడొద్దు అక్కా. గొడవైతే దాన్ని బెంచీ మీద కూర్చోబెడతారు. ఈ రోజు సెలెక్టర్లు వచ్చారంట," అంది. కూర్చున్నాను. ఆ పిల్ల సీజను కోసం కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో అరిచేవాళ్ళకు తెలియదు.

కెప్టెన్ ఆ రోజు ఆడిన ఆట నేను చెప్పలేను. రెండో సగంలో అవతలి కోర్టులో నలుగురు చుట్టుముట్టినప్పుడు, కూత తెగకుండా, చీలమండ పట్టిన చేతిని ఈడ్చుకుంటూ వేళ్ళ కొసలతో గీత తాకింది. స్టేడియం లేచింది. పక్కన వైస్ కెప్టెన్ రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. నా చేతులు ఒళ్ళోంచి లేవలేదు. మైకులో ఆ కాలేజీ పేరు మూడుసార్లు చెప్పారు. అమ్మాయి పేరు ఒకసారి.

ఆట అయ్యాక వచ్చి, చెమట తుడుచుకుంటూ, "చప్పట్లు కొట్టలేదేంటక్కా? చూశాను," అంది.

"నీకు కొడితే వాళ్ళకీ కొట్టినట్టే."

"కొట్టండి, ఏం పోద్ది?" అంది. "పేరు ఆళ్ళది. కాళ్ళు నావే కదా."

యూనివర్సిటీ జట్టు జాబితాలో ఆమె పేరు వచ్చిందని పదిరోజుల తర్వాత ఫోన్ చేసింది. సంతోషించాను. అబద్ధం చెప్పను, నిజంగానే సంతోషించాను. ఫోను పెట్టేశాక మళ్ళీ కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియక రెండు రోజులు మా ఆయన మీద పెట్టాను, పాపం.

మ్యాచ్ చూసిన ఆ ఆదివారం తిరుగు ప్రయాణంలో బస్సులో మాకు చివరి సీటు దొరికింది. వైస్ కెప్టెన్ కిటికీ పక్కన కూర్చుని, పెదాలు బిగించి బయటికి చూస్తోంది. ఊపిరి బిగబట్టిందేమో అనుకున్నాను, అలవాటు కొద్దీ. ఉయ్యూరు దాటాక నా వైపు తిరిగింది.

"దానికి సీజను దొరికింది. మరి జూనియర్లం, మా ఆరుగురికీ అక్కా? వచ్చే ఏడాది మళ్ళీ ఫారం పెడతారంట. ఈసారి సంతకాలు పెట్టించేస్తారా?"

టికెట్లు ఇవ్వడానికి కండక్టరు మా దాకా వచ్చాడు. నేను చిల్లర వెతుకుతున్నట్టు సంచీలో తల దూర్చాను. ఆ పిల్ల నా ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు.